ఓటీపీ చెప్పే ముందు

2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు తుపాకులతో పోరాడే మొబైల్ ఆట పబ్జీని నిషేధించి, ఫోన్లలో ఆడుతున్న కొందరు యువకులను అరెస్టు చేశారు. వాళ్లలో కాలేజీ విద్యార్థులూ ఉన్నారు. ఇంట్లో మాట్లాడి సర్దుకోవాల్సిన విషయం ఠాణాకెక్కింది.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు ఎందరో తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ ఉత్తర్వుకు కారణం ఆటలోని తుపాకుల మోత కాదు. దేశ భద్రత, వినియోగదారుల సమాచార రక్షణ.

ఏడాది తిరక్కుండానే, 2021 జులైలో, అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చేసింది. నెత్తురు రంగు మార్చారు. పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు, తల్లి లేదా తండ్రి ఫోన్‌కు ఓటీపీ వచ్చేలా చేశారు. మంచి ఏర్పాటే. కానీ ఆ ఫోన్ కూడా సాయంత్రమంతా పిల్లాడి చేతిలోనే ఉంటే, అనుమతి అడిగేదీ ఇచ్చేదీ వాడే!

ఆటలు పిల్లల్ని హంతకుల్ని చేస్తాయా? అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది వేరు. హింసాత్మక ఆటలకూ, కేకలు, తోపులాటల వంటి దూకుడుకూ స్వల్ప సంబంధం ఉంది. నిజజీవిత హింసకు ఆటలే కారణమనడానికి మాత్రం తగిన ఆధారాలు లేవు.

భయం తగ్గించుకోవచ్చు, బాధ్యత కాదు. నిద్ర, చదువు, ఆటలో పరిచయమయ్యే అపరిచితులు, ఆటలో డబ్బు పెట్టి కొనే తుపాకీ ‘స్కిన్‌’లు: వీటిని పట్టించుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. అమ్మానాన్నలూ, ఈసారి ఓటీపీ చెప్పే ముందు పిల్లల పక్కన కూర్చుని ఒక్క ఆట పూర్తిగా చూడండి.