బాలింతకు గుండెనొప్పి వస్తే

ఈనిన గేదె మేత మాని కూలబడితే మనం తెల్లవారేదాకా ఆగము. పాలజ్వరమేమోనని ఆ రాత్రే పశువైద్యునికి కబురు పంపుతాము. అదే ఇంట్లో బాలింత ఛాతీ పట్టేసినట్టుందంటే మాత్రం గ్యాసని చెప్పి, వామునీళ్లు తాగించి పడుకోమంటాము. పోలిక మొరటుగా ఉండవచ్చు గాని, సభ్యులకు ఈ సంగతి చెప్పక తప్పదనుకున్నాము.

గుండెపోటు వయసు మళ్లిన మగవారి జబ్బని మనలో చాలామంది నమ్మకం. గర్భిణులకు, బాలింతలకు అది అరుదన్న మాట నిజమే. అయినా అదే వయసులో గర్భం లేని స్త్రీలతో పోలిస్తే వీరికి ముప్పు 3, 4 రెట్లు ఎక్కువ.

గర్భిణి ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. గుండెకు అంత పనీ పెరిగినట్టే. పైగా కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా, త్వరగా గడ్డకట్టే గుణం దానికి వస్తుంది. కాన్పయిన కొన్ని వారాల వరకు ఆ గుణం పోదు. అటువంటి గడ్డ గుండె రక్తనాళానికి అడ్డుపడవచ్చు. అయితే వీరిలో ఎక్కువగా కనిపించే కారణం మరొకటి. రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి దారికి అడ్డం పడినట్టు, గుండెకు రక్తం తెచ్చే నాళం లోపొర చీలి దారి మూసుకుపోతుంది. అంతవరకు ఏ జబ్బూ లేని మనిషికీ ఇది రావచ్చు. కాన్పయిన మొదటి వారాలలోనే ఎక్కువ. నిన్నటిదాకా బాగానే తిరిగింది కదా అన్న మాట అందుకే పనికిరాదు.

35 ఏళ్లు దాటినవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే సోదరీమణులకూ ఈ మాట వర్తిస్తుంది.

కొద్దిపాటి ఆయాసం, నీరసం గర్భిణికి మామూలే. చిక్కంతా అక్కడే ఉంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండడం, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకడం, చెమటలు పోయడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం మామూలు కాదు. వెంటనే 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో అన్నిటికంటే ముందు, కాన్పయి ఎన్ని రోజులయిందో చెప్పి, ఇ.సి.జి. తీయమని అడగండి. దానివల్ల కడుపులోని బిడ్డకు హాని లేదు. అది బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ అనే రక్తపరీక్షా చేయాలి.

గర్భంతో ఉండగా బి.పి. పెరిగినవారికి, గుర్రపువాతం వచ్చినవారికి కాన్పుతో గండం గడిచిందనుకుంటాము. కాని తరువాతి కాలంలోనూ వారికి గుండెజబ్బు భయం మిగతావారికంటే ఎక్కువ. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన కార్డును పారేయక, సంఘం పాసుపుస్తకంతో కలిపి దాచండి. ఏటా బి.పి., షుగరు పరీక్షలకు వెళ్లినప్పుడు ఆ కార్డును డాక్టరుకు చూపించండి.