10 అడుగుల పొడవు.. 7 అడుగుల వెడల్పు: చెరకు తోటల్లో తెలుగు కూలీలు బతికిన ‘లైన్లు’ ఎలా ఉండేవో తెలుసా?

కొండాపూర్‌లోనో, మదీనాగూడలోనో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక కారు పార్కింగ్ స్లాట్ సుమారు 130 చదరపు అడుగులు ఉంటుంది. అందులో దాదాపు సగం.. అంటే 70 చదరపు అడుగుల గది. ఆ గదిలో ముగ్గురు మగవాళ్లు ఐదేళ్లు బతకాలి. వంట అక్కడే, పడక అక్కడే. పార, కట్టెలు, తడిబట్టలు కూడా అక్కడే. ఫిజీ చెరకు తోటల్లో మన కూలీలకు ఇచ్చిన ‘ఇల్లు’ ఇది.

బానిసల బతుకు అనగానే చాలామందికి అమెరికా పత్తి తోటలే గుర్తొస్తాయి. ఒకే గది, మట్టి నేల, దుంగల గోడలు, దూరంగా యజమాని బంగ్లా.. సినిమాల్లో చూసిందే. కానీ ఈ కథలో మన కోరంగి రేవు ఉంది, విశాఖ ఉంది, మద్రాసు ఉంది. దాని గురించి మాత్రం మన దగ్గర మాట్లాడేది తక్కువ.

బానిసలు ఖాళీ చేసిన చోటికే మనవాళ్లు

మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయింది. సుమారు 66 వేల మందికి విముక్తి దొరికింది. పరిహారం మాత్రం వాళ్లకు కాదు, యజమానులకు ఇచ్చారు! మరి చెరకు కొట్టేదెవరు? అందుకే 1834 నుంచే ఇండియా నుంచి కూలీలను ఓడల్లో దింపడం మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షల మంది దాకా వెళ్లారు.

వాళ్లలో తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అనేవాళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరే వాళ్లకు ఇంటిపేరైంది. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, బోటింగ్, వీకెండ్ ట్రిప్. అప్పట్లో మాత్రం అది సముద్రం దాటే దారి.

వెళ్లినవాళ్లను ఎక్కడ ఉంచారు? మొదట్లో చాలా తోటల్లో అంతకుముందు బానిసలు ఉన్న గుడిసెల్లోనే. వాటిని ‘క్యాంప్’ అనేవాళ్లు. మనుషులు మారారు, క్యాంప్ మారలేదు.

‘లైన్’ అంటే ఏంటి?

ఫిజీకి 1879లో, నాటల్‌కు 1860లో ఇండియన్ కూలీల ఓడలు మొదలయ్యాయి. నాటల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ ప్రాంతం. అక్కడికి చేరిన మొదటి ఓడ ‘ట్రూరో’ బయల్దేరింది మన మద్రాసు నుంచే. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు వెళ్లాయి. 1916 వరకు దాదాపు 15 వేల మంది దక్షిణాది వాళ్లు అక్కడికి చేరారు. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు అందులో ఉన్నారు.

అక్కడి ఇళ్లకే ‘కూలీ లైన్లు’ అని పేరు. పొడవాటి షెడ్డు, మధ్యలో ఒక గోడ, అటు ఎనిమిది గదులు, ఇటు ఎనిమిది గదులు. వెనక కిటికీ పెడదామన్నా వెనక ఇంకొకరి గది. పెళ్లికానివాళ్లయితే గదికి ముగ్గురు. మొగుడూపెళ్లాలైతే పిల్లలతో సహా ఒక గది. తర్వాత రూల్స్ మార్చి గది సైజు కొంత పెంచారు కానీ, అప్పటికే కట్టిన లైన్లలో ఎంతోమంది గిర్మిట్ అయిపోయింది. (అగ్రిమెంట్ అనే మాటే కూలీల నోట్లో ‘గిర్మిట్’ అయింది.)

అసలు ఇబ్బంది సైజు ఒక్కటే కాదు. గదుల మధ్య గోడలు కప్పు దాకా ఉండేవి కావు. పైన ఖాళీ వదిలి ఇనుప వల కొట్టేవాళ్లు. గాలి ఆడటానికని చెప్పారు. గాలితో పాటు పక్కవాళ్ల పొయ్యి పొగ, దగ్గు, తగాదా, పసిపిల్ల ఏడుపు అన్నీ ఈ గదిలోకి వచ్చేవి.

ఆడవాళ్లకైతే అది మరీ నరకం. రూల్ ప్రకారం ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లనే పంపేవాళ్లు. పగలంతా తోట పని, మగవాళ్ల కంటే తక్కువ కూలీ, రాత్రి చాటు లేని గది. తెలుగు, తమిళ కూలీలకు ఇంకో కష్టం.. లైన్లో ఎక్కువమంది మాట్లాడేది హిందీ. బాధ చెప్పుకుందామన్నా భాష రాదు. ఫిజీ లైన్లలో ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్నాయని అప్పటి సర్కారు రికార్డులే చెబుతున్నాయి. లైన్లను కూలీలే ‘నరక్’ అని పిలిచేవాళ్లు.

మరి అది బానిసత్వమేనా?

అచ్చంగా కాదు. బానిస అంటే ఆస్తి. అమ్మొచ్చు, కొనొచ్చు, వాళ్ల పిల్లలూ యజమానికే చెందుతారు. గిర్మిట్‌కు ఐదేళ్ల గడువు ఉంది, కూలీ ఉంది. ఈ తేడాను చిన్నగా చూడకూడదు.

కానీ ఆ ఐదేళ్లలో పని మానితే జైలు, అనుమతి లేకుండా తోట దాటితే కేసు. మారిషస్‌లో ‘డబుల్ కట్’ అని ఒకటుండేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోత! గడువు అయిపోయినవాళ్లు కూడా 1867 చట్టం తర్వాత ఫొటో ఉన్న టికెట్ వెంట పెట్టుకు తిరగాల్సిందే. ఆ ఫొటోలు ఇప్పటికీ మారిషస్‌లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. పూర్వీకుల్ని వెతుక్కునే కుటుంబాలకు అవే ఆధారం.

గోఖలే, మాలవీయ లాంటి నేతల పోరాటం, 1916లో సి.ఎఫ్.ఆండ్రూస్, పియర్సన్‌ల ఫిజీ రిపోర్టు.. వీటన్నిటి ఒత్తిడితో 1917లో కూలీలను పంపడం ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి.

మన దగ్గర చట్టం ఏం చెప్పింది?

ఐటీ కారిడార్‌లో టవర్లు కడుతున్న వలస కూలీలు గిర్మిట్ కూలీలు కాదు. పని నచ్చకపోతే వెళ్లిపోయే హక్కు చట్టం ప్రకారం వాళ్లకుంది. అయితే వరసగా వేసిన రేకుల గదులు మాత్రం ఇక్కడా కనిపిస్తాయి. వాటి విషయంలో చట్టం ఎప్పుడో మాట్లాడింది. 2025 దాకా అమల్లో ఉన్న 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం, పని జరిగినన్నాళ్లూ కూలీలకు సైట్‌లోనే లేదా వీలైనంత దగ్గరలో ఉచితంగా వసతి ఇవ్వాల్సింది యజమానే. వంటకు వేరే చోటు, స్నానానికి, బట్టలు ఉతుక్కోవడానికి, మరుగుదొడ్డికి విడిగా ఏర్పాటు ఉండాలని కూడా అందులోనే రాశారు. పని అయ్యాక ఆ స్థలాన్ని బాగుచేసి అప్పగించే బాధ్యతను కూడా ఆ చట్టం యజమానికే అప్పజెప్పింది. అంటే రేకుల గదిలో పడక పక్కనే పొయ్యి వెలుగుతుంటే అది కూలీల అలవాటు కాదు.. అక్కడ వంటగది కట్టలేదని అర్థం.