ఐదో నెలలో నీరసం ఎందుకు? – మధ్య నెలల సంగతులు

కిందటేడు వానాకాలంలో ఒక పల్లె సంఘాన్ని దర్శించాము. స్త్రీల కూడిక ముగిసి అందరూ లేచి వెళ్తున్నా ఒక చిన్న కోడలు మాత్రం గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. తొలిచూలు, ఐదో నెల. "వాంతులు తగ్గాయి గదమ్మా, ఇంకా ఈ నీరసమేమిటి?" అని అడిగితే అత్తగారే జవాబు చెప్పింది: "వట్టి మనిషి కాదు గదండీ, ఆమాత్రం ఉండదా? మేము నాట్లు వేస్తూనే కన్నాము." మేము ఆ అమ్మాయి కింది రెప్ప లాగి చూశాము. తెల్లగా పాలిపోయి ఉంది. మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయిస్తే రక్తం 7.4 గ్రాములు! కనీసం 11 ఉండాలి. నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు ఏమయ్యాయంటే, బియ్యం డబ్బా వెనుక కాగితం చుట్టినది చుట్టినట్టే ఉన్నాయి. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటామె చెప్పిందట.

నాలుగు, ఐదు, ఆరు నెలలను మన ఇళ్లలో సుఖమైన నెలలని అంటారు. ఒక విధంగా నిజమే. వేవిళ్లు తగ్గుతాయి, అన్నం సయిస్తుంది, ముఖంలో కళ వస్తుంది. అయితే అమ్మాయి తేరుకున్నదని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండేది కూడా ఈ నెలలలోనే. మా భయమంతా దాని గురించే. బిడ్డ కోసం తల్లి ఒంటిలో రక్తం దాదాపు సగం వంతు పెరగాలి. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఇప్పుడే జరుగుతుంది. నీరు తొందరగా పెరుగుతుంది, ఎర్ర కణాలు అంత తొందరగా పెరగవు. వాటికి ఇనుము కావాలి. అది అందకపోతే తల్లి ఆయాసపడుతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది, కాన్పులో కొంచెం రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి మాత్రల సంగతి కాస్త వివరంగా చెప్తాము. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల మొదలుకొని రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తరువాత మరో 180 రోజులు. రక్తం తక్కువైతే ఎన్ని వేసుకోవాలో డాక్టరు చెప్తారు. 7 కంటే తగ్గితే ఇంట్లో మాత్రలతో సరిపెట్టుకోకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. మాత్ర వల్ల విరేచనం నల్లగా అవుతుంది, అంతే. బిడ్డ రంగుకు దానికీ సంబంధం లేదు. వికారం పుడితే రాత్రి భోజనమైన గంటకు వేసుకుని పడుకోండి. టీతో వేసుకోవద్దు, మాత్రకు ముందూ వెనుకా గంటసేపు టీ జోలికి పోవద్దు. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు. నిమ్మరసమో జామకాయో ఉసిరికాయో అయితే బాగా ఒంటబట్టిస్తుంది. క్యాల్షియం మాత్రలు రోజుకు రెండు. వాటిని ఐరన్‌తో కలపకుండా రెండు గంటలు ఎడముంచాలి. నాలుగో నెల దాటాక ఒకసారి నులిపురుగుల మాత్ర కూడా ఇస్తారు. చెప్పులు లేకుండా పొలంలో నడిచే మన ఆడవాళ్లకు అది చాలా అవసరం. కడుపులోని కొంకి పురుగులు రక్తం తాగేస్తుంటే ఎన్ని మాత్రలు మింగినా ఏం లాభం?

ఇక తిండి. మామూలుగా తినేదానికంటే రోజుకు 350 కేలరీలు ఎక్కువ కావాలి. అంటే సుమారుగా ఇంకొక గిన్నె అన్నం, పప్పు, ఒక గుడ్డు. ఇది పెద్ద ఖర్చేమీ కాదు. తోటకూర, మునగాకు, గోంగూర, రాగిజావ, వేరుశనగ పప్పు పల్లెలో దొరికేవే. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంటికి తెచ్చి పిల్లలకు పంచే తల్లులను చూశాము. మనసు మంచిదే గాని, ఆ గుడ్డు కడుపులో ఉన్న బిడ్డ వంతు. బాగా తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కొన్ని చోట్ల కోడళ్లకు తగ్గించి పెడతారు. ఆ మాట వినకండి. ఈ నెలల్లో తల్లి నెలకు కిలోన్నర నుండి రెండు కిలోల దాకా బరువు పెరగాలి. మా మనసులో మాట చెప్పమంటే, ఇంటిలో ఆఖరున తిని, మిగిలిన చారుతో సరిపెట్టుకునే అలవాటే అన్నిటికంటె పెద్ద జబ్బు.

ఉపవాస ప్రార్థనల గురించి కూడా చాలామంది సహోదరీలు అడుగుతారు. శ్రమకాల దినాలలో ఏమీ తినకుండా సాయంత్రం వరకు ఉండవచ్చా అని. కడుపుతో ఉన్నవారు ఉండవద్దు. ప్రార్థనలో కూర్చోండి, భోజనం మాత్రం మానకండి. పాస్టరుగారికి చెప్పడానికి మొహమాటపడితే ఈ పుట చూపించండి. గ్రహణం రోజున కదలకుండా పడుకోబెట్టే ఆచారం మన విశ్వాసుల ఇళ్లలోనూ ఇంకా ఉంది. గ్రహణం బిడ్డను ఏమీ చేయదు. ఆ పూట తల్లికి అన్నం నీళ్లు ఇవ్వకపోవడమే చేస్తుంది.

కడుపులో కదలిక

తొలిచూలు వారికి 18 నుండి 20 వారాల మధ్య బిడ్డ కదలిక తెలుస్తుంది. రెండో కాన్పు వారికి ఇంకా ముందే తెలియవచ్చు. మొదట్లో అది కదలికో, వాయువో తెలియదు. నీళ్లలో చేపపిల్ల తిరిగినట్టు ఉంటుందని ఒకామె చెప్పింది. ఎలీసబెతు గర్భములో శిశువు గంతులు వేసింది ఆరవ నెలలోనే. మరియ అప్పుడు వచ్చి ఆమెతో సుమారు మూడు నెలలు ఉన్నదని లూకా రాశాడు. అంత నమ్మకమైన తోడు ఎంతమందికి దొరుకుతుంది! 24 వారాలు నిండినా కదలిక అసలు తెలియకపోతే, లేదా రోజూ తెలిసేది తగ్గిపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేపు చూద్దామనుకోవద్దు.

గుండెల్లో మంట, పులితేన్పులు, రాత్రిపూట పిక్కలు పట్టేయడం, చిగుళ్ల నుండి రక్తం, పొట్ట మీద నల్లని గీత, ఇవన్నీ మామూలే. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటే మంట తగ్గుతుంది. మూత్రం మంటగా వస్తే మాత్రం పరీక్ష చేయించండి.

పని మానేయాలా? మానక్కరలేదు. నడక మంచిది, ఇంటిపని మంచిది. నిండు బిందెలు ఎత్తడం, గంటల తరబడి వంగి నాట్లు వేయడం మానాలి. పత్తికి, మిరపకు మందు కొట్టిన చేలోకి అసలు వెళ్లవద్దు. ఆ బట్టలు కూడా ఉతకవద్దు. మధ్యాహ్నం రెండు గంటలు ఒక పక్కకు తిరిగి, వీలైతే ఎడమ పక్కకు, నడుము వాల్చాలి. ఈ రెండు గంటలు ఇప్పించవలసింది అత్తగారూ, భర్తగారూ.

పరీక్షలకు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలను డాక్టరు ఉచితంగా చూస్తారు. 2016 నుండి ఈ ఏర్పాటు ఉంది. రక్తపోటు, మూత్రం, బరువు ప్రతిసారీ చూపించుకోవాలి. బిడ్డ అవయవాలు చూసే స్కాన్‌కు 18 నుండి 20 వారాలు సరైన సమయం. చక్కెర పరీక్ష మొదటి రాకలో చేసినా, 24 నుండి 28 వారాలలో మళ్లీ చేయించాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గాని అంతకు మించి గాని ఉంటే చికిత్స కావాలి. స్కాన్ గదిలో ఆడా మగా అని గుసగుసగా అడగడం మాత్రం వద్దు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడం నేరం, చెప్పించుకోవడమూ నేరమే.

రక్తం కనబడినా, నీరు పోయినా, జ్వరం వచ్చినా, కడుపులో విడవకుండా నొప్పి ఉన్నా ఆలస్యం చేయకండి. ఐదో నెల దాటాక విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు హఠాత్తుగా వాయడం రక్తపోటు లక్షణాలు. అర్ధరాత్రి అయినా 108కి ఫోను చేయండి.

మేము ఆ పల్లెకు మళ్లీ వెళ్లేసరికి ఆ అమ్మాయికి ఏడో నెల. రక్తం 9.6కు వచ్చింది. మాత్రల పట్టీ బియ్యం డబ్బా వెనుక లేదు, గోడ క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతోంది. క్యాలెండరులో రోజుకొక పెన్సిలు గీత ఉంది. గీసేది అత్తగారు.