వార్తల్లో పదం: నాన్ బెయిలబుల్ వారెంట్

ఫలానా నాయకుడికో నటుడికో ‘ఎన్‌బీడబ్ల్యూ జారీ’ అని పేపర్లో తరచూ చూస్తుంటాం. వాయిదాకు రాని వ్యక్తిని అరెస్టు చేసి తన ముందు హాజరుపరచాలని పోలీసులకు కోర్టు ఇచ్చే రాతపూర్వక ఆదేశమిది. అమెరికా వార్తల్లో కనిపించే బెంచ్ వారెంటూ చాలావరకు ఇలాంటిదే.

బంట్రోతు పేరు పిలుస్తాడు. మనిషి లేడు, హాజరు మినహాయింపు కోరుతూ లాయరు పిటిషనూ వేయలేదు. వారెంటు సాధారణంగా అక్కడే పుడుతుంది. అలాగని మొదటి అడుగే ఇది కాకూడదు. ప్రైవేటు ఫిర్యాదు కేసుల్లో ముందు సమన్లు, తర్వాత పూచీకత్తుపై వదిలే బెయిలబుల్ వారెంటు, కావాలనే తప్పించుకుంటున్నారని తేలితేనే ఇది అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పేరు విని నేరం పెద్దదనుకోనక్కర్లేదు. చెక్ బౌన్స్ బెయిలబుల్ నేరమే, అయినా ఆ కేసుల్లో ఈ వారెంట్లు మామూలే. సమన్లందినా రాని సాక్షికీ వారెంటు తప్పకపోవచ్చు.

వాయిదా తేదీ దాటితే వారెంటు మురిగిపోదు. అమలయ్యేదాకా, లేదా కోర్టు రద్దు చేసేదాకా చెల్లుతుంది. అందుకే పోలీసులు ఇంటికి రాకముందే కోర్టుకెళ్లి రీకాల్ పిటిషన్ వేస్తుంటారు. రాలేకపోయిన రోజు నాటి ఆస్పత్రి చీటీ లాంటిది చేతిలో ఉంటే పని కాస్త సులువు.