జీపు టైర్లకు సరితూకము

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన నాటినుండి బ్లాకు జీపు మన గ్రామములకు పరిచితమే. నేడు కొందరు రైతులు ఫోర్‌వీల్ డ్రైవు జీపులను సొంతముగా ఉంచుకొనుచున్నారు. బురదలో దిగబడకుండుటకు వీటికి లోతైన గాడులుగల వెడల్పాటి పెద్ద టైర్లు వేయింతురు. చేలో ఇవి చక్కగా నడచును. కాని మేడ్చల్ వైపునుండి కూరగాయలతో జీడిమెట్ల మీదుగా బోయినపల్లి మార్కెట్టుకు రహదారిపై పోవునపుడు, వేగము పెరుగగానే కొన్ని జీపులలో స్టీరింగు వణకనారంభించును. రోడ్డు బాగులేదని సరిపెట్టుకొనరాదు. చక్రము చుట్టూ బరువు సమముగా లేకపోవుటయే తరచుగా దీనికి కారణము.

ఒక లెక్క చూడుడు. ఇరుసునుండి 20 సెంటీమీటర్ల దూరమున, డిస్కు లోపల పావుకిలో బురద ఎండి అంటుకొన్నదనుకొందము. 76 సెంటీమీటర్ల ఎత్తుగల టైరు గంటకు 60 కిలోమీటర్ల వేగమున సెకనుకు 7 సార్లు తిరుగును. అపుడా పావుకిలో బురద దాదాపు 10 కిలోల బలముతో చక్రమును లాగును. 30 కిలోమీటర్ల వేగమున ఆ లాగుడు 2½ కిలోలే. అనగా వేగము రెట్టింపైన దెబ్బ నాలుగు రెట్లగును. మెల్లగా నడచు ట్రాక్టరుకు ఈ బాధ అంతగా తెలియకపోవుటకు కారణమిదే.

తూకము ఇంటివద్దనే కొంతవరకు పరీక్షింపవచ్చును. చదునైన గట్టి నేలపై జీపు నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. లివరు టూవీల్‌లో ఉంచి, ముందు చక్రమును జాకీతో లేపి, పక్కన గట్టి దిమ్మె ఆధారముంచవలెను. చక్రమును చేతితో త్రిప్పి వదలి, ఆగినపుడు అడుగున వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టవలెను. మూడు నాలుగు పర్యాయములు అదే గుర్తు అడుగునకు వచ్చిన యెడల అచట బరువు ఎక్కువని తెలియును.

అయితే వెడల్పు టైరులో లోపలి అంచుకు, వెలుపలి అంచుకు గల తేడా వేగముగా తిరిగినపుడే బయటపడును. అందుచే టైర్ల దుకాణములో యంత్రముపై చూపించి, అది చూపిన చోట్ల రెండు వైపులను బిళ్లలు వేయించవలెను. పెద్ద టైర్లు అన్ని యంత్రములకు పట్టవు. కాన కొలత ముందుగా చెప్పవలెను. అంటించు బిళ్లలైనచో డిస్కును శుభ్రముగా తుడిచిన పిదపనే అతికించవలెను. లేనిచో అవి త్వరలో ఊడిపోవును. టైరు విప్పి బిగించినపుడెల్ల తూకము మరల చూపించుట మేలు.

తూకము సరియైనను వణుకు మానని యెడల డిస్కు వంకర, బేరింగు, టై రాడ్, కింగ్ పిన్ వదులు పరీక్ష చేయించవలెను. బిళ్లలు పెంచినంత మాత్రమున ఈ లోపములు తీరవు.

దుక్కిలో పట్టుకొరకు ట్రాక్టరు వెనుక టైర్లలో నీరు నింపుదురు. అది బరువుకొరకే గాని తూకముకొరకు కాదు. రోడ్డుపై వేగముగా పోవు జీపు టైర్లలో నీరు నింపరాదు.

వణుకుచున్న చక్రము టైరును అక్కడక్కడ తినివేయును, స్టీరింగు కీళ్లను వదులుచేయును. ఆ జీపులో గంపలతోపాటు ఇంటివారును కూర్చుందురు. కాన చేను వదలి రోడ్డెక్కుటకు ముందు డిస్కు లోపలి బురదను గీకి కడుగవలెను. దీనికి కావలసినది ఒక పుల్ల, ఒక బిందెడు నీరు మాత్రమే.