చలికాలమున జబ్బుపడిన కోడి: ఇంటి సంరక్షణ, ఊరి బాధ్యత

మన పల్లెలలో కోళ్లు లేని పెరడు అరుదు. ఆ నాలుగైదు కోళ్లును సాధారణముగ గృహిణి సొత్తు. వాటి గ్రుడ్లు పిల్లలకు బలవర్ధకమైన ఆహారము. పుంజును అమ్మగా వచ్చిన సొమ్ము బడి పుస్తకములకో, సంక్రాంతి బట్టలకో అక్కరకు వచ్చును. పాడిపశువును కొనజాలని కూలి కుటుంబమునకు కోడియే పశుసంపద. అట్టి కోళ్లు పుష్యమాసపు చలిలో రెండు మూడు దినములలో వరుసగా చనిపోయినచో ఆ యింటికి కలుగు నష్టము ఏ లెక్క పుస్తకమునను కనబడదు. కావున కోడి జబ్బును స్వల్ప విషయముగ భావింపరాదని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

చలికి, జబ్బునకు గల సంబంధము

ఆరోగ్యముగనున్న కోడి శరీరపు వేడి 41 డిగ్రీల సెంటీగ్రేడునకు పైగా ఉండును. మనిషికి 37 డిగ్రీలు మాత్రమే. ఈ వేడిని కోడి తాను తినిన మేతనుండియే పొందుచున్నది. ఈకల నడుమ నిలిచియుండు గాలి ఆ వేడిని వెలుపలికి పోనీయదు. కడుపునిండ మేత, పొడిగనున్న ఈకలు, ఈ రెండును ఉన్నంతవరకు పెద్ద కోడి చలికి తాళగలదు. జబ్బుపడిన కోడి మేత మానును. ఒంటి వేడిని నిలుపుకొనజాలదు. లంబసింగి వంటి మన్యపు గ్రామములలోను, ఆదిలాబాదు ప్రాంతమునను చలి తీవ్రముగనుండు రాత్రులలో అట్టి కోడి తెల్లవారునప్పటికి చనిపోవుట వింతకాదు.

అయితే చలియే జబ్బునకు మూలమనుకొనుట సరికాదు. జబ్బును కలిగించునవి సూక్ష్మక్రిములు. చలిలో అవి ఎక్కువ కాలము బ్రతికియుండును. చలికి వెరచి గూటిని అన్ని వైపుల మూసివేసినపుడు రెట్టల తేమ, ఘాటైన ఆవిరి లోపలనే నిలిచి కోళ్ల ఊపిరితిత్తులకు హాని చేయును. కోళ్ల తల కంటె ఎత్తున గాలి పోవుటకు సందు ఉంచి, క్రింది భాగమును మాత్రమే గోనెపట్టాతో కప్పవలెను.

జబ్బును గుర్తించుట ఎట్లు?

ఉదయము గూడు తెరచినపుడు మేతకు పరుగెత్తక, ఈకలు ఉబ్బించుకొని, మెడ ముడుచుకొని మూల నిలిచిన కోడిని అనుమానింపవలెను. కన్నులు మూతలు పడుట, ముక్కు కారుట, గురక, నోరు తెరచి ఊపిరి పీల్చుట, పచ్చని లేక తెల్లని పలుచని రెట్ట, జుట్టు నల్లబడుట లేక నీలివర్ణము దాల్చుట జబ్బు చిహ్నములు. మెడ మెలిపడుట, కాళ్లు, రెక్కలు చచ్చుబడుట కొక్కెర తెగులున తరచుగ కనబడును.

ఇంటివారు చేయవలసినది

మొదటి పని వేరుచేయుట. జబ్బు కోడిని తక్షణమే మిగిలిన కోళ్లకు దూరముగ, గాలివాటు తగులని పొడి చోట గంప క్రింద ఉంచవలెను. అడుగున మూడంగుళముల మందమున ఊకగాని, ఎండిన వరిగడ్డిగాని పరచి, తడిసినదానిని దినదినము మార్చవలెను. దాని నీళ్లమూకుడు, మేతపాత్ర వేరుగనుండవలెను. ముందుగ మంచి కోళ్ల పని ముగించుకొని, పిమ్మటనే జబ్బు కోడిని చూడవలెను. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, పని ముగిసిన పిమ్మట చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలను ఆ కోడిని తాకనీయరాదు.

రెండవ పని వెచ్చదనము. నేటి ఎల్.ఇ.డి. దీపములు వెలుతురు నిచ్చునేగాని వేడి నీయవు. పాత రకపు 40 లేక 60 వాట్ల తీగ దీపమును, గడ్డికి, గోనెకు తగులకుండ, సుమారు రెండడుగుల ఎత్తున ఒక ప్రక్కగ వ్రేలాడదీయవలెను. వేడి ఎక్కువైనచో కోడి రెండవ ప్రక్కకు తొలగును. కరెంటు లేనిచోట వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచినను చాలును. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుట కోడికేగాక మనుష్యులకును ప్రాణాపాయకరము.

మూడవ పని నీరు, మేత. కాచి గోరువెచ్చగ చల్లార్చిన నీటిని తరచుగ ముందుంచవలెను. బలవంతముగ నోటిలో పోసిన నీరు ఊపిరిగొట్టములోనికి పోయి కోడి చనిపోవచ్చును. ముక్కు కొనను నీటికి తాకించినచో శక్తి కలిగిన కోడి తానే త్రాగును. మెత్తగ ఉడికిన నూకలు, జొన్నరవ్వ కొద్దికొద్దిగ పెట్టి, మిగిలినదానిని తీసివేయవలెను. మెడ క్రింద మేత నిలుచు సంచి ఉదయమునకు కూడ ఖాళీ కాకున్నచో మేత ఆపి పశువైద్యునికి చూపవలెను.

మనుష్యుల మాత్రలను విరిచి కోళ్లకు వేయు అలవాటు కొన్ని చోట్ల కలదు. ఇది తగదు. కొక్కెర తెగులు వంటి వైరసు జబ్బులను ఏ మందును నయము చేయదు. ఇతర జబ్బులకు ఏ మందు, ఎంత అనునది వైద్యుడే నిర్ణయింపవలెను. మందు వాడిన కోడి గ్రుడ్లను, మాంసమును వైద్యుడు చెప్పిన గడువు ముగియువరకు తినరాదు.

ఊరి విషయమగునది ఎప్పుడు?

ఒక యింట ఒక కోడి జబ్బుపడుట ఆ యింటి విషయము. రెండు మూడు దినములలో పలు కోళ్లు జబ్బుపడినను, అకస్మాత్తుగ చనిపోయినను అది ఊరి విషయము. ఇట్టి సమయమున పేద యజమాని చనిపోకముందే కోడిని సంతలో అమ్మివేయుటయో, కోసికొని తినుటయో చేయును. అతని బాధ మన మెరుగనిది కాదు. కాని ఆ కోడితోపాటు తెగులు పొరుగూరు చేరును. పండుగ ముందర కోళ్ల క్రయవిక్రయములు అధికమగుటచే ఈ ప్రమాదము మరింత హెచ్చును.

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలోను బర్డ్ ఫ్లూ నిర్ధారింపబడిన సంగతి పాఠకులకు విదితమే. ఈ జబ్బు అరుదుగనైనను మనుష్యులకు సోకగలదు. కోళ్లు మూకుమ్మడిగ చచ్చుట కొక్కెర తెగులుననా, బర్డ్ ఫ్లూననా అనునది ప్రయోగశాల పరీక్షయే తేల్చవలెను. కంటితో చూచి చెప్పరాదు.

అందుచేతనే 2009 సంవత్సరపు పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టము పంచాయతీకి ఒక స్థానము నిచ్చినది. జాబితాలోని అంటువ్యాధి సోకినదని అనుమానము కలిగినచో యజమాని గ్రామాధికారికిగాని, పంచాయతీ బాధ్యునికిగాని తెలుపవలెను. వారు ఆ సమాచారమును సమీప పశువైద్యునికి వ్రాతమూలకముగ అందజేయవచ్చును. 1962 నంబరునకు ఫోను చేసియు సహాయము కోరవచ్చును. చచ్చిన కోళ్లను కాలువలోను, చెరువులోను, పెంటకుప్పపైనను పారవేయనీయక, బావులకు దూరముగ లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పించుట పంచాయతీ చేయదగిన పని. తెలిపినవారిని నిందించిన ఊరిలో మరుసటిసారి ఎవరును తెలుపరు. ఈ సంగతిని సభ్యులు మరువరాదు.

టీకా: అందరు కలసిన పని

కొక్కెర తెగులునకు మందు లేకున్నను టీకా కలదు. మొదటి వారమున లసోటా లేక ఎఫ్ రకపు టీకాను కోడిపిల్ల కంటిలో ఒక చుక్క వేయుదురు. సుమారు 8 వారముల వయస్సున ఆర్.టు.బి. టీకాను సూదితో ఇత్తురు. టీకా ఆరోగ్యముగనున్న కోళ్లకే. జబ్బు చేసిన పిమ్మట దానివలన మేలు లేదు. అందుచే చలి ముదరకముందే వేయింపవలెను.

ఇందొక చిక్కు కలదు. టీకా సీసా ఒకటి సాధారణముగ నూరు కోళ్లకో, అంతకు మించియో సరిపోవును. మంచుగడ్డపై ఉంచి తేవలెను. ఒకసారి కలిపిన పిమ్మట కొద్ది గంటలలోనే వాడవలెను. అయిదు కోళ్లు గల గృహిణి ఒక్కతె దీనిని సాధింపజాలదు. ఊరంతయు ఒక్క ఉదయమున కూడినచో ఇది సులభసాధ్యము. పశువైద్యశాలతో ముందుగ దినము నిర్ణయించి, తొలినాటి సాయంకాలము చాటింపు వేయించి, మరునాడు గూళ్లు తెరువకముందే వీధి వీధికి టీకా వేయించుటకు పంచాయతీకి కావలసినది పెద్ద నిధి కాదు, పూనిక మాత్రమే.

జబ్బుపడిన కోడికి గంప, ఊక, వెచ్చదనము సమకూర్చుట ఇంటివారి పని. ఆ జబ్బు పక్కింటికి పాకకుండ చూచుట ఊరి పని. రాబోవు పంచాయతీ సమావేశమున సభ్యులు టీకా దినమును నిర్ణయింతురని, ఆ దినమున తమ యింటి కోళ్లను మొదట తెచ్చి ఇతరులకు మార్గము చూపుదురని ఆశించుచున్నాము.