ఆట పుణేది, తొలి బరి బెజవాడది

ఖో-ఖోలో మొట్టమొదటి జాతీయ పోటీలు ఏ ఊళ్ళో జరిగాయని మీ ఇంట్లో ఆడే పిల్లవాణ్ణి అడిగి చూడండి. పుణే అంటాడు, లేకపోతే ముంబయి అంటాడు. మరాఠీవాళ్ళ ఆట కదా, ఇంకెక్కడ జరుగుతాయి? భివండీలో మన పద్మానగర్‌లోనూ, కామత్‌ఘర్‌లోనూ నేను చాలామందిని అడిగాను, పెద్దవాళ్ళతో సహా. ఒక్కరూ విజయవాడ అనలేదు. 1959-60లో ఆ పోటీలు జరిగింది మన విజయవాడలోనే. పద్దెనిమిదేళ్ళలోపు మగపిల్లలకు జాతీయ స్థాయిలో పోటీలు మొదలైనది 1970-71లో, అదీ హైదరాబాదులో. ఆట ఇక్కడిదే అయినా మొదటి బరి గీసింది అక్కడ.

మగ్గం పని వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చిన మనవాళ్ళు సాంచాల చప్పుడుకు ఎంత అలవాటు పడ్డారో, వాళ్ళ పిల్లలు ఈ ఆటకు అంత అలవాటు పడ్డారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. క్రికెట్‌కు బ్యాటు కావాలి, బంతి కావాలి, బంతి పోతే మళ్ళీ చందా కావాలి. ఖో-ఖోకు రెండు కర్రలు పాతి, సున్నంతో గీతలు గీస్తే చాలు. చెప్పులు విడిచి దిగడమే. (ఇప్పుడు పెద్ద పోటీలు మ్యాట్ మీద, బూట్లతో జరుగుతున్నాయి. ఖర్చు వచ్చి చేరింది. ఆ సంగతి తర్వాత.)

ఆటకు రాతలో నియమాలు వచ్చినది 1914లో, పుణేలోని దక్కన్ జింఖానా చేతుల మీదుగా. 1924లో బరోడాలో మరో నియమావళి వెలువడింది. 1935లో అఖిల మహారాష్ట్ర శారీరక శిక్షణ మండలి వాటిని సవరించి అచ్చువేసింది. ఆ మరుసటి ఏడు బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి యువకులు అక్కడ మన దేశీయ ఆటల్ని ప్రదర్శించి వచ్చారు. ఈ అమరావతి విదర్భలోనిది, మన కృష్ణా ఒడ్డుది కాదు. 1950ల మధ్యలో జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ వెంటనే వచ్చినవే బెజవాడ పోటీలు. వాటిలో గెలిచింది బొంబాయి జట్టు. మరుసటి సంవత్సరం కొల్హాపూర్‌లో ఆడవాళ్ళకూ పోటీలు పెట్టారు. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లలు మాత్రం 1974-75 దాకా ఆగవలసి వచ్చింది. వాళ్ళ మొదటి జాతీయ పోటీలు ఇండోర్‌లో జరిగాయి.

ఆ 1974 సంవత్సరం గురించి ఒక మాట చెప్పాలి. మన కుటుంబాల్లో అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు తక్కువేమీ లేరు. వాళ్ళ పిల్లలు అక్కడ బేస్‌బాల్ ఆడుతుంటారు. మన చిర్రగోనెకు కాస్త దూరపు చుట్టం అనుకోవచ్చు. కొట్టడం, పరుగెత్తడం, పట్టుకుంటే అవుట్. పిల్లల బేస్‌బాల్‌కు అక్కడ లిటిల్ లీగ్ అని ఒక వ్యవస్థ ఉంది. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో విలియమ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్ళో మూడే మూడు జట్లతో మొదలైంది. ఊరి జట్టు జిల్లాలో గెలవాలి, జిల్లా జట్టు రాష్ట్రంలో గెలవాలి, అక్కడి నుంచి ప్రాంతం, చివరికి ప్రపంచ పోటీ. ఆ వ్యవస్థ కూడా ఆడపిల్లల్ని 1974 వరకు రానివ్వలేదు. న్యూజెర్సీలో మరియా పేపే అనే అమ్మాయి తరఫున కేసు నడిచి, తీర్పు వచ్చాకనే తలుపు తీసింది. ఇండోర్‌లో మన ఆడపిల్లలు పరుగెత్తినదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఇక్కడ కోర్టు అవసరం పడలేదు, కాని ఆలస్యం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇక మన రాష్ట్ర పోటీల సంగతి. మన తల్లిదండ్రులు ఎక్కువ తికమక పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. పిల్లవాడు రాష్ట్రానికి ఆడాలంటే రెండు నిచ్చెనలు ఉన్నాయి. ఒకటి బడి నిచ్చెన. ప్రభుత్వ క్రీడాశాఖ పెట్టే పాఠశాలల పోటీలు: 14, 17, 19 ఏళ్ళలోపు విభాగాలు, జిల్లా, తర్వాత డివిజన్, తర్వాత రాష్ట్రం. రెండోది సంఘం నిచ్చెన. జిల్లా ఖో-ఖో సంఘం వాళ్ళు మరాఠీలో 'నివడ్ చాచణీ' పెడతారు, అంటే ఎంపిక పరీక్ష. అందులో నెగ్గినవాళ్ళు మన ఠాణే జిల్లా చొక్కా తొడుక్కుని రాష్ట్ర 'అజింక్యపద్' పోటీలకు వెళతారు. పద్దెనిమిదేళ్ళలోపు మగపిల్లల్ని 'కుమార్' అంటారు, పద్నాలుగేళ్ళలోపు వాళ్ళు 'కిశోర్', 'కిశోరీ'. రాష్ట్ర పోటీల్లో కంటపడ్డవాళ్ళ నుంచే జాతీయ పోటీలకు మహారాష్ట్ర జట్టు తయారవుతుంది. బడి నిచ్చెన ఎక్కినవాడు సంఘం నిచ్చెన మీద కూడా ఉండవచ్చు. ఒకదాని సర్టిఫికెట్ రెండోదానికి బదులు కాదు.

మహారాష్ట్రలో ఈ రాష్ట్ర పోటీయే అసలు కష్టమని ఆట తెలిసినవాళ్ళు అంటారు. నేనూ ఒప్పుకుంటాను. పుణే, ముంబయి, సాంగ్లీ, ధారాశివ్, సోలాపూర్ జిల్లాల పిల్లలు పాకడం మానగానే ఖో అంటారు కాబోలు. వాళ్ళను దాటి పన్నెండు మందిలో ఒకడు కావడం సామాన్యం కాదు. ఇంకొన్ని రాష్ట్రాల్లో అయితే అదే పిల్లవాడు రెండేళ్ళ ముందే జాతీయ పోటీల్లో ఉండేవాడు.

ఆటలో జట్టుకు పన్నెండు మంది, మైదానంలో తొమ్మిది మంది. ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు మధ్య గీత దాటరాదు, ఒకసారి పట్టిన దిక్కు స్తంభం దాకా మార్చరాదు. అవతలి జట్టు నుంచి ముగ్గురు ముగ్గురు చొప్పున లోపలికి వస్తారు. పెద్దల ఆటలో ఒక్కో వంతు 9 నిమిషాలు. తొమ్మిది నిమిషాల్లో ఒక్కడు రెండు, మూడు నిమిషాలు చిక్కకుండా నిలిచాడంటే ఊరంతా చెప్పుకుంటారు. జాతీయ పోటీల్లో పద్దెనిమిదేళ్ళలోపు ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బహుమతి పేరు వీర అభిమన్యు. పేరు పెట్టినవాళ్ళకు భారతం బాగా తెలుసు గాని, వ్యూహంలోకి వెళ్ళి తిరిగి రాలేనివాడి పేరు ఎందుకు పెట్టారా అని నాకు ఎప్పుడూ అనుమానమే. ఆడపిల్లలది జానకి బహుమతి, పురుషులది ఏకలవ్య, స్త్రీలది రాణీ లక్ష్మీబాయి.

పిల్లల పోటీల్లో ఒకప్పుడు ఒక విచిత్రమైన లెక్క ఉండేది. ఏళ్ళలో వయసు, సెంటీమీటర్లలో ఎత్తు, కిలోల్లో బరువు మూడూ కలిపి ఒక హద్దు దాటకూడదు. కామర్సు చదివినవాణ్ణి, నాకు ఆ లెక్క భలే నచ్చింది. ఏళ్ళనూ కిలోలనూ కూడే పద్ధతి ఏ లెడ్జరూ ఒప్పుకోదు. కాని దాని వెనుక ఉన్న అవసరం నిజమైనది. పుట్టిన తేదీకి నమ్మకమైన కాగితం లేని దేశంలో, మీసాలు వచ్చినవాడు కిశోర్ విభాగంలో దిగకుండా ఆపాలి కదా.

మనవాళ్ళ పిల్లలు ఆగిపోయేది కూడా సరిగ్గా ఇక్కడే, కాగితం దగ్గర. ఇది నేను బ్యాంకు కౌంటరులో ముప్పై ఏళ్ళుగా చూస్తున్న వ్యవహారమే. ఉదాహరణకు పిల్లవాడి ఇంటిపేరు వడ్లకొండ, పేరు సాయికిరణ్, తండ్రి నర్సయ్య అనుకుందాం. తొలి కాన్పు పుట్టింట్లో గనుక పిల్లవాడు ఊళ్ళో పుట్టాడు. అక్కడి కాగితంలో ఇంటిపేరు ముందు వచ్చింది, తండ్రి పేరు వేరే గడిలో ఉంది. ఇక్కడ బడిలో మరాఠీ పద్ధతిలో సాయికిరణ్ నర్సయ్య వడ్లకొండ అయ్యాడు. ఆధార్‌లో 'వి. సాయికిరణ్'. ఒక్కో చోట ఒక్కో స్పెల్లింగు. బడిలో చేర్చేటప్పుడు తేదీ గుర్తులేక జూన్ ఒకటి అని చెప్పి ఉంటే సరేసరి. పోటీకి వెళ్ళాక వయసు పరిశీలించేవాళ్ళ ముందు ముగ్గురు పిల్లలు నిలబడ్డట్టే. వాళ్ళు ఎవరిని ఆడనివ్వాలి? వాళ్ళను తప్పుపట్టలేం. ఆ రోజు ఉదయం అయిదింటికి లేచి లోకల్ రైలు పట్టుకుని వెళ్ళినవాడు సాయంత్రం బెంచీ మీద కూర్చుని వస్తాడు. అలా వచ్చిన పిల్లల్ని నేను ఎరుగుదును. వాళ్ళలో ఒకడు మళ్ళీ బరిలో కాలు పెట్టలేదు.

రెండో అడ్డంకి దసరా. బతుకమ్మకు ఊరు వెళ్ళకుండా ఎలా ఉంటాం? కాని బడి పోటీలు సాధారణంగా వానలు మొదలైనప్పటి నుంచి చలికాలం లోపల సాగుతాయి. జిల్లా గెలిచిన జట్టులో ఇద్దరు పిల్లలు పండక్కి వెళ్ళి పదిహేను రోజులు రాకపోతే జట్టు ఏమవుతుంది? ఒక ఉపాధ్యాయుడు నాతో నవ్వుతూనే అన్నాడు, "సాహెబ్, మీ పోరలు బాగా ఆడతారు, కాని డివిజన్ పోటీ నాడు వరంగల్‌లో ఉంటారు" అని. నవ్వాను గాని లోపల గుచ్చుకుంది.

మూడోది, సాంచాల ఆదాయం మీద ఇల్లు నడిపే ఒక తండ్రి నన్ను సూటిగా అడిగిన ప్రశ్న: "ఆట ఆడితే అన్నం పెడ్తదా సార్?" ఆయనకు లెక్కల్లోనే చెప్పాను. మహారాష్ట్రలో గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడినవాళ్ళకు పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షల్లో అదనపు మార్కులు ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. దానికి సర్టిఫికెట్‌ను క్రీడాశాఖ చేత పరిశీలన చేయించుకోవాలి. రైల్వేలు ఖో-ఖో ఆటగాళ్ళను తీసుకుంటాయి. అన్నం అందరికీ పెట్టదు, నిజమే. సాంచా మాత్రం అందరికీ పెడుతోందా అని నేను అనలేదు, ఆయనే అన్నాడు.

పైమెట్టు మీద ఏముందో కూడా చెబుతాను. 2016లో గువాహటిలో దక్షిణాసియా క్రీడల్లో ఖో-ఖో పతకాల ఆట అయింది. అప్పటి మహిళల జట్టు నాయకురాలు సారికా కాళే ధారాశివ్ ప్రాంతపు బిడ్డ. 2020లో అర్జున అవార్డు అందుకుంది. 2022లో అల్టిమేట్ ఖో-ఖో లీగ్ మొదలైంది. పుణేలో జరిగిన ఫైనల్లో ఒడిశా జట్టు చేతిలో తెలుగు యోధాస్ ఓడింది, 46-45తో. ఒక్కటంటే ఒక్క పాయింటు! ఆ తెలుగు జట్టు నాయకుడు ప్రతీక్ వాయ్‌కర్, పుణే కుర్రవాడు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్‌లో భారత పురుషుల జట్టుకూ అతనే నాయకుడు. నేపాల్‌ను మనవాళ్ళు 54-36తో, మహిళలు ప్రియాంకా ఇంగ్లే నాయకత్వంలో 78-40తో ఓడించారు. ఆ పురుషుల జట్టులోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడు, సోలాపూర్ జిల్లా కుర్రవాడు రామ్‌జీ కశ్యప్ ఉన్నాడు. మరాఠీ నాయకుడి కింద తెలుగు జట్టు ఆడిన లీగు అది, తెలుగువాడు కలిసిన భారత జట్టు ఇది. భివండీలో ఆ రెండు ఫైనళ్ళనూ ఏ ఇంట్లో చూసినా రెండు భాషల్లోనూ కేకలు వినిపించాయి.

2014 తర్వాత జాతీయ పోటీల్లో తెలంగాణ జట్టు వేరుగా వస్తోంది. భివండీ పిల్లవాడు మహారాష్ట్ర చొక్కాతో దిగి, ఎదురుగా తాతగారి ఊరి జట్టు నిలిస్తే తాతగారు ఎవరికి చప్పట్లు కొట్టాలి? మా ఇంట్లో ఈ చర్చ ఒక ఆదివారం అన్నం తినేంతసేపు సాగింది, తేలలేదు. మా అమ్మ మాత్రం, ముందు వాణ్ణి అక్కడిదాకా పోనియ్యండ్రి, చప్పట్ల సంగతి తర్వాత చూద్దాం అన్నది.

వచ్చే జూన్‌లో బడి తెరిచే ముందు మీ పిల్లల జనన పత్రం, ఆధార్, బడి రిజిస్టరులోని పేరు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే నెల రోజుల పని, ముందే మొదలుపెట్టాలి. మూడు కాగితాల జిరాక్సులు తీసుకుని రండి. నేనూ, రిటైరైన మరో ఇద్దరు మిత్రులూ మన సంఘం ఆఫీసులో ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా కూర్చుంటున్నాం.